కొలగారి చేలో నలభై ఆరు రోజులు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను.

కాటా వేసే ఒక కొలగారికి నూట నలభై మూడు పనిదినాలు పోయాయి. అతని ఇంట్లో పాలిచ్చే గేదె ఒకటి పోయింది. అతని పెద్దకూతురికి నర్సింగు చదువులో ఒక ఏడాది పోయింది. ఇరవై రెండేళ్లుగా అనకాపల్లి బెల్లం మార్కెట్లో అతనికున్న మంచిపేరు పోయింది. దానికి తూకం లేదు కాబట్టి ఒకటి అని రాసుకున్నాను. నావైపు చూస్తే ముప్పై ఎనిమిది ఆదివారాల ఆరాధన, ఆరు కిలోల ఒంటి బరువు, ఎడమచేతి చూపుడువేలి గోరు పోయాయి. ఇక, పోయాయని అందరూ నమ్మినవి ఇరవై ఆరు బెల్లం దిమ్మలు. అవి మాత్రం పోలేదు. అసలు అవి ఎప్పుడూ లేవు.

లెక్కలు నేర్చుకుని ఏదో ఒక కొట్లోనో ఆఫీసులోనో చేరబోయే కుర్రవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీలో ప్రభువును నమ్ముకున్నవాళ్లుంటే ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి. లెక్క తెలిసిన విశ్వాసికి ఒక జబ్బు తొందరగా పట్టుకుంటుంది. నాకది ముప్పై ఏళ్లపాటు ఉంది.

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు ఎవరూ నేర్పలేదు. ఒక కమీషను కొట్లో సరుకు దించే పనికి చేరి, వాళ్లు చెత్తలో పారేసిన పాత పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని, కూడికలు మళ్లీ మళ్లీ వేసుకుని నేర్చుకున్నాను. మూడేళ్ల తర్వాత షావుకారు నన్ను గుమస్తాగా కూర్చోబెట్టాడు. ఆ కొట్టు మూసేసేదాకా ఇరవై ఎనిమిదేళ్లు ఆ బల్ల దగ్గరే ఉన్నాను. మూడంకెల కూడికైతే కాగితం అక్కర్లేదు నాకు. అది గొప్ప అనుకునేవాణ్ణి, అందరూ అలాగే అనేవారు కూడా.

ఇరవై నాలుగో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. ఆ నెలలోనే ఒక నోటుబుక్కు కొన్నాను. ప్రార్థన ఎన్ని నిమిషాలు, వాక్యం ఎన్ని అధ్యాయాలు, దేవుడికిచ్చే దశమభాగం పైసలతో సహా ఎంత, అన్నీ అందులో ఎక్కేవి. ఎవరిమీదైనా కోపం వచ్చిన రోజుకు ఎర్రసిరాతో గుర్తు పెట్టేవాణ్ణి. రక్షణ ఉచితమని మందిరంలో అందరికంటే గట్టిగా పాడేవాణ్ణి, కానీ ఉచితంగా వచ్చిన సరుకుకైనా రసీదు ఒకటి ఉండి తీరాలని లోపల ఉండేది. మా ఆవిడ ఒకరోజు ఆ పుస్తకం చూసి, మీరు దేవుడి దగ్గర కూడా గుమస్తాగానే చేరారు, కొడుకుగా చేరలేదు అంది. ఆవిడకి లెక్కలు రావులే అనుకున్నాను.

ఇప్పుడు కొలగారి సంగతి. మా మార్కెట్లో కాటా వేసేవాణ్ణి, దిమ్మలు లెక్కపెట్టి పైకి పిలిచేవాణ్ణి కొలగారి అంటారు. అతను పిలుస్తాడు, గుమస్తా రాస్తాడు. మా కొలగారి నాకంటే రెండేళ్లు పెద్ద. మునగపాక దాటాక ఒక ఊరు. నన్ను బావా అని పిలిచేవాడు. పొద్దున్న అతను రాగానే రెండు టీలు చెప్పడం నా వంతు, డబ్బులివ్వడం ఎవరి వంతో తేలక రోజూ వాదన. గోడౌను తాళం అతని మొలతాడుకే ఉండేది. షావుకారుకి అతనిమీద అంత నమ్మకం.

మన వైపు కొలతలో మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. మా కొలగారికి ఇందులో ఒక పట్టింపు ఉండేది. ఒక రైతుకి ఒక రోజులో లాభం ఒక్కసారే పిలవాలి. సరుకు రెండు బళ్లలో వచ్చినా, మధ్యలో భోజనానికి లేచినా, ఆగిన అంకె దగ్గర్నుంచే ఎత్తుకునేవాడు. రెండోసారి లాభం అంటే రైతుకి కలిసిరాదని అతని నమ్మకం. ఇది నాకు తెలుసు. తెలిసుండీ చేశాను ఆ తప్పు.

ఆరేళ్ల కిందట, తుపాను ముసురు పట్టిన రోజు. రావికమతం వైపు నుంచి ఒక రైతు సరుకు రెండు వ్యాన్లలో తెచ్చాడు. మొదటి వ్యాను దిగేసరికి కొలగారి ఇరవై ఆరు దగ్గర ఉన్నాడు. అంతలో జల్లు కొట్టింది. పుస్తకం తడుస్తుందని ఇరవై ఆరు రాసేసి, గీత గీసి, లోపలికి పరుగెత్తాను. తుడుచుకుని తిరిగి వచ్చేసరికి రెండో వ్యాను దింపడం మొదలైపోయింది. చివర్లో అతను అరవై ఒకటి అని పిలిచి చేతులు దులుపుకున్నాడు. అది రెండు వ్యాన్లూ కలిపిన అంకె. నేను దాన్ని రెండో వ్యానుది అనుకున్నాను. ఇరవై ఆరు కింద అరవై ఒకటి రాసి, కూడి, ఎనభై ఏడు వేశాను. వ్యానులో అరవై ఒకటి పట్టవని కళ్లెత్తి చూస్తే తెలిసేది. నేను కళ్లెత్తలేదు. కూడిక సరిపోయింది కదా.

రైతుకి నష్టం రాలేదు. డబ్బు ఇచ్చేది తూకం మీద, తూకం చీటీ సరిగ్గానే ఉంది. అతను తీసుకుని వెళ్లిపోయాడు. వారం చివర నిల్వ సరిచూస్తే పుస్తకం ప్రకారం గోడౌనులో ఇరవై ఆరు దిమ్మలు ఎక్కువ ఉండాలి. లేవు. అప్పటికి రంగుని బట్టి దిమ్మలన్నీ కలిపేశారు కాబట్టి ఎవరి సరుకులో తేడానో చెప్పడానికి వీల్లేదు. షావుకారు నన్ను ఒక్కటే అడిగాడు, నీ పుస్తకం సరిచూసుకున్నావా అని.

"నా పుస్తకంలో తప్పు ఉండదండీ," అన్నాను.

ఆ నాలుగు మాటలతో తాళం ఉన్న మనిషి దొంగ అయ్యాడు. షావుకారు కేసు పెట్టలేదు, కేకలు వెయ్యలేదు. తాళం బల్లమీద పెట్టి వెళ్లమన్నాడు. కొలగారి తాళం పెట్టి నావైపు చూశాడు. నేను పుస్తకం వైపు చూశాను. ఆ తర్వాత ఏ కొట్లోనూ అతన్ని కాటా దగ్గరికి రానివ్వలేదు.

నేను ఆ రాత్రి నోటుబుక్కులో ప్రార్థన ముప్పై అయిదు నిమిషాలు అని రాసుకున్నాను. అందులో అయిదు నిమిషాలు అతని మారుమనసు కోసం.

మే నెలలో ఆ రావికమతం రైతు బ్యాంకు అప్పు పనిమీద వచ్చాడు. నిరుడు మా కొట్టుకి ఎన్ని దిమ్మలు వేశాడో కాగితం రాసిమ్మన్నాడు. నేను పుస్తకం తిప్పి, తుపాను రోజువి ఎనభై ఏడు అన్నాను. అతను నవ్వేశాడు. మా గానుగ ఆ వారం మొత్తం ఆడినా ఎనభై ఏడు దిగలేదు గుమస్తాగారూ, అరవై ఒకటి వేశాను, ఇంట్లో గోడమీద బొగ్గుతో రాసుంది, కావాలంటే వచ్చి చూసుకోండి అన్నాడు. ఆ పేజీలో ఇరవై ఆరు మీద వాన చుక్క పడి సిరా అలుక్కుంది. అరవై ఒకటిలోంచి ఇరవై ఆరు తీసేస్తే ముప్పై అయిదు. వ్యానుకి పట్టేది అంతే.

ఇక్కడ మీకు నేను దాచకూడని అంకె ఒకటుంది. ఆ సంగతి తెలిశాక తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని కొంత. నా పుస్తకంలో తప్పుందని మార్కెట్టు అనుకోవడం నేను భరించలేనని ఎక్కువ. పదో రోజు పొద్దున్న అన్నం సయించక మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నా చొక్కా తెచ్చి చేతికిచ్చింది, అంతే.

షావుకారు విని, కాటా బాగైందని విన్నట్టు తల ఊపి, అయితే రేపట్నుంచి రమ్మను అన్నాడు. కొట్లన్నిటికీ కబురు చేద్దామంటే మన పరువు పోతుందన్నాడు. అందుకని నేనే వెళ్లాను. పదిహేడు కొట్లు. ప్రతి కొట్లోనూ నిలబడి, దొంగతనం జరగలేదు, తప్పు నాది అని చెప్పాను. ఒకచోట తోటి గుమస్తా, ఏటి మామా, నీ పుస్తకంలో కూడా తప్పులు మొలుత్తాయా అన్నాడు. అందరూ నవ్వారు. తొమ్మిది రోజులు నేను భయపడింది ఆ నవ్వుకి. రెండు నిమిషాల్లో అయిపోయింది.

సాయంత్రం కొలగారి ఇంటికి వెళ్లాను. నూట నలభై మూడు రోజుల కూలి కవరులో పెట్టుకుని మరీ వెళ్లాను. అంతా చెప్పాను. అతను అడిగిందల్లా, నీకెప్పుడు తెలిసింది అని. తొమ్మిది రోజులైందన్నాను. అతనూ జీవితమంతా అంకెలు పిలిచినవాడే.

"నూట ముప్పైనాలుగు రోజులు పొరపాటు," అన్నాడు. "మిగతా తొమ్మిదినీ ఏటంటారు గుమస్తాగారూ?"

బావా అనలేదు. కవరు నావైపు తోసేశాడు. అది పుచ్చుకుంటే తన మాటకి రేటు కట్టినట్టవుతుందని, మళ్లీ కాటా పట్టనని, అరెకరం చెరకు ఉంది, ఇంకో ఎకరం కౌలుకి చేస్తున్నానని చెప్పాడు. వాళ్లావిడ గుమ్మంలో నిలబడి, గేదెని అమ్మింది ఎప్పుడో, పిల్ల చదువు ఆగింది ఎప్పుడో చెప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఒక పద్దు తగ్గేది.

ఇంటికి వచ్చి పడుకుంటే నిద్ర రాలేదు. డబ్బు తీసుకోనివాడికి ఎలా తీర్చాలి? తెల్లారేసరికి దారి దొరికింది. పోయినవి రోజులు కాబట్టి రోజులతోనే తీర్చాలి. కొట్టుకి ఆదివారం సెలవు, పండగలకీ సెలవు. ఆ రోజులన్నీ అతని చేలో పని చేస్తే సుమారు రెండున్నరేళ్లలో నూట నలభై మూడూ తీరిపోతాయి. కొత్త నోటుబుక్కు కొన్నాను.

మొదటి ఆదివారం నన్ను గట్టుమీద చూసి అతను ఒక కొడవలి నావైపు విసిరాడు. నాకు చేలో పని రాదు. చెరకాకు చేతుల్ని కోసేసేది. జూలైలో చెరకు పడిపోకుండా నాలుగేసి గడల్ని వాటి ఆకులతోనే చుట్టి కట్టాలి, జడచుట్లు అంటారు. నేను కట్టినవి నేను పక్కసాలులోకి వెళ్లేలోపే ఊడిపోయేవి. కొలగారి భార్య వెనకాలే వచ్చి మళ్లీ కట్టుకునేది. ఒకరోజు ఆవిడ మొగుడితో అన్నది నాకు వినబడింది, ఈయన ఒక రోజు పని సేత్తే నాకు రెండ్రోజుల పని పెరుగుతాంది అని. ఆ మాట విన్నాక కూడా సాయంత్రం నోటుబుక్కులో ఒక రోజు వేసుకున్నాను. గోరు పోయింది ఆ నెలలోనే.

మందిరానికి వెళ్లడం మానేశాను. పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి అడిగితే ఒకరికి తీర్చాల్సింది ఉందని చెప్పాను. తీర్చడం మంచిదే, కానీ నీ మొహంలో తీరుస్తున్న సంతోషం కనబడటం లేదు అన్నారాయన. దేవుడికి నా మొహం చూపించాలంటే ముందు ఆ నూట నలభై మూడూ కొట్టెయ్యాలి కదా అనుకున్నాను. ప్రార్థనకి కూర్చుంటే మిగిలిన అంకె ముందు కనబడేది. దాన్ని దాటి ఒక్క మాట కూడా వచ్చేది కాదు. అలా ముప్పై ఎనిమిది ఆదివారాలు, ఎనిమిది పండగలు. ఒళ్లు ఆరు కిలోలు తగ్గింది. మా ఆవిడ, మీరు చచ్చిపోతే మిగిలిన రోజులు నేను వెళ్లాలా అని అడిగింది. వెటకారం అనుకుని ఊరుకున్నాను. ఆవిడ కళ్లనిండా నీళ్లున్నాయి.

నలభై ఆరో రోజు ఫిబ్రవరి చివర ఆదివారం. నేను వెళ్లేసరికి చేలో ఎవరూ లేరు. ముందురోజే ఆఖరి పాకం దించేశారు, చెరకు పని అయిపోయింది. ఇంటికి వెళ్లాను. కొలగారి వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాడు. వాళ్లావిడ లోపల వండుతోంది. పెద్దమ్మాయి మళ్లీ కాలేజీకి వెళుతోంది, ఆ రోజు సెలవుకి వచ్చింది. ఇవాళ పని లేదు, ఇలా కూకో అన్నాడు అతను.

నేను కూర్చోలేదు. ఇంత దూరం వచ్చి రోజు వృథా అయితే ఎలా? కట్టెలు కొడతానన్నాను. కొట్టేశారు. పశువులశాల కడుగుతానన్నాను. కడిగేశారు. అయినా చీపురు పట్టుకుని శాలలోకి వెళ్లి, కడిగిన నేలనే గంటన్నర మళ్లీ కడిగాను. ఒక రోజు వేసుకోవడానికి సరిపడా ఏదో ఒకటి చెయ్యాలి. అప్పుడు కొలగారి లేచి వచ్చి, నా చేతిలో చీపురు లాక్కుని కప్పుమీదికి విసిరేశాడు. ఇరవై ఏళ్లలో కోపంతో అతని గొంతు పెరగడం అప్పుడే విన్నాను.

"నువ్వు నా సేలోకి వచ్చి నీ పని సేసుకుంటన్నావు బావా. నా కోసం ఒక్క రోజైనా వచ్చేవేటి? నానెప్పుడో ఒగ్గేసేను. నువ్వే ఒగ్గనేకపోతన్నావు."

నేను ఇంకా తొంభై ఏడు రోజులు ఉన్నాయన్నాను. అవి తీరేదాకా నా మనసుకి నెమ్మది లేదన్నాను. అతని కోపం పోయింది. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు:

"మీ దేవుడు కూడా మీ సేత ఇలాగే రోజులెక్కన కట్టించుకుంటాడేటి?"

నా దగ్గర జవాబు ఉంది. ముప్పై ఏళ్లుగా ఉంది. కట్టించుకోడని ఎంతోమందికి చెప్పాను, మందిరంలో సాక్ష్యాలిచ్చాను. కానీ ఆ శాలలో, తడినేల మీద, నోటుబుక్కు జేబులో ఉండగా, అతని మొహం చూసి కట్టించుకోడు అని చెప్పడానికి నోరు రాలేదు. నన్ను చూస్తే కట్టించుకుంటాడనే ఎవరైనా అనుకుంటారు. ముప్పై ఏళ్లుగా నేను ప్రభువు గురించి మార్కెట్టు మొత్తానికి తప్పుడు అంకె పిలుస్తున్నాను.

వాళ్లావిడ గుమ్మంలోంచి పిలిచింది. "అన్నం సల్లారిపోతంది అన్నయ్యా. ఆ తొంభై ఏడూ అలాగే ఉండనీ. ఉంటే ఏటవుతాది?"

ఏమవుతుందో ఆలోచించాను. బాకీ ఉంటే ఏమవుతుందనే ప్రశ్న అన్నేళ్లలో నేనెప్పుడూ వేసుకోలేదు. బాకీ ఉండకూడదు, అంతే. వెళ్లి కాళ్లు కడుక్కుని కూర్చున్నాను. చేపల పులుసు వేసింది. నేను బాకీ ఉన్న ఇంట్లో, బాకీ తీర్చకుండా, మారు అడిగి తిన్నాను. ఆ ముద్ద మింగడం చెరకు మోపు ఎత్తడంకంటే కష్టమైంది. తిన్నాక కొలగారి మంచం చూపించాడు. కాస్త నడుం వాలుద్దామనుకున్నాను. లేచేసరికి ఎండ వాకిట్లోంచి వెళ్లిపోయింది. ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. నా జీవితంలో నాకు తెలియని అంకె అదొక్కటే, కనుక్కోవాలని కూడా అనిపించలేదు.

బండి మీద వస్తూ ప్రార్థన చేశాను. ఆ అంకె అలాగే ఉంది, పోలేదు. కానీ ఈసారి అది మధ్యలో నిలబడలేదు, పక్కకి జరిగింది. ప్రభువా, నేను తీర్చలేదు అన్నాను. ఆయనకి ఆ సంగతి కొత్త కాదు. తీర్చకముందే నన్ను ప్రేమించిన మనిషి వాకిట్లోంచి అప్పుడే వస్తున్నాను కాబట్టి, ఆయన ప్రేమ ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిన పని లేకపోయింది.

మళ్లీ ఆదివారం మందిరానికి వెళ్లాను. నోటుబుక్కు లేకుండా కూర్చుంటే మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు, నేర్చుకోవాలి. కూడికలు నేర్చుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. కానీ వచ్చింది. ఇప్పుడు మంచంమీద వాలితే నిద్ర పడుతుంది.

కొట్లలో చేరబోయే పిల్లలకి నేను చెప్పేవి కొన్నే. వాన వచ్చినా కళ్లెత్తి బండి వైపు చూడండి. నా పుస్తకంలో తప్పు ఉండదని ఎవరితోనూ అనకండి. తప్పు తెలిసిన రోజే చెప్పండి, నాలా తొమ్మిది రోజులు తీసుకోకండి. తీర్చగలిగింది తీర్చండి. తీర్చలేనిది ఉంటుంది. దాన్ని చూసి దేవుడు మిమ్మల్ని గుమ్మంలో నిలబెడతాడని అనుకోకండి. లోపలికి వెళ్లి కూర్చోండి.

మొన్న వర్షాకాలంలో కొలగారికి మోకాలి ఆపరేషను అయింది. పెద్దమ్మాయి ఇప్పుడు నర్సు, డ్యూటీ దొరక్క రాలేకపోయింది. నువ్వొత్తావా బావా అని అతను ఫోను చేశాడు. వెళ్లాను. ఆసుపత్రిలో మూడు రోజులు అతని మంచం పక్కన కింద చాప వేసుకుని ఉన్నాను. మందులిచ్చాను, బాత్రూముకి నడిపించాను, టీ డబ్బులు ఎవరివన్నది రోజూ వాదించుకున్నాం.

ఆ మూడు రోజులూ నేను లెక్కలో తగ్గించలేదు. అవి బాకీ కింద ఇచ్చినవి కావు. నూట నలభై మూడులో నలభై ఆరు పోగా, ఈ రోజుకి నేను అతనికి ఉన్న బాకీ తొంభై ఏడు రోజులు.